నీడలు లేని ఇసుక

కళ్ళకు ఆ డబ్బా తగిలించుకున్న ప్రతిసారీ అక్కకు కడుపులో తిప్పేది. హెడ్‌సెట్ అని దానికి పేరు. అది పెట్టుకుంటే చాలు, గదిలో కుర్చీలో కూర్చున్న మనిషి అంగారకుడి ఎర్రనేల మీద నిలబడి ఉంటుంది. అక్కడ తిరిగే రోవర్ తీసిన ఫొటోలూ, పైనుంచి ఉపగ్రహాలు పంపిన కొలతలూ కలిపి కుట్టిన నేల అది. వేర్వేరు ఊళ్ళలో ఉన్న బృందమంతా ముఖాల్లేని బొమ్మలై ఆ నేల మీద కలిసి తిరుగుతూ, రోవర్ రేపు ఎటు వెళ్ళాలో తేలుస్తారు. ఒకరు జెండా పాతుతారు. ఒప్పుకున్నవాళ్ళు వచ్చి దాని పక్కన నిలబడతారు. ఒక్కరు రాకపోయినా రోవర్ కదలదు.

ఆ ఒక్కరూ ఎప్పుడూ అక్కే. అందుకే ఆమెకు "బ్రేకు" అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు గానీ, ఇన్నేళ్ళలో రోవర్ ఒక్కసారి కూడా ఇరుక్కోలేదంటే అది ఎవరి పుణ్యమో అందరికీ తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రావాలిగా.

బృందానికి నాయకురాలు ఆమె చెల్లెలు. సొంత చెల్లెలే. ఇసుకను చూసి గట్టిదో మెత్తదో చెప్పడం అక్క దగ్గరే నేర్చుకుని, అక్కను దాటి పైకెళ్ళింది. అక్క కుళ్ళుకోలేదు. కుళ్ళుకోలేదని తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. వచ్చే యాత్రకు కొత్త రోవర్ వెళుతుంది, దాని బృందంలో ఎవరుండాలో చెల్లెలే చెప్పాలి. ఆ చోటు కోసమే అక్క కుర్చీ పక్కన బకెట్ పెట్టుకుని, మైకు కట్టేసి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్ళీ పనిలో పడేది. ఆ సంగతి చెల్లెలికి తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆ రోజు చెల్లెలు ఒక రాతిగట్టు కింద జెండా పాతింది.

"ఈ పొరల్లో నీళ్ళ జాడ ఉంది. రేపు ఇక్కడికే," అంది.

బొమ్మలన్నీ బిలబిలా వచ్చి నిలబడ్డాయి. అక్క రాలేదు. ఆమెకు ఒక అలవాటుంది. తలెత్తి, ఆకాశంలో సూర్యుణ్ణి చేత్తో పట్టుకుని కిందికి లాగుతుంది. అప్పుడు ఆమె కళ్ళకు మాత్రం సాయంత్రమై నీడలు సాగుతాయి, నడినెత్తి వెలుగులో కనబడనివన్నీ బయటపడతాయి. అంత ఓపిక మిగతావాళ్ళు ఎప్పుడో వదిలేశారు. వాళ్ళ లెక్కలో ఏ బొమ్మైనా ఆకాశంకేసి చూస్తోందంటే, దాని మనిషి హెడ్‌సెట్‌ను నుదుటి మీదికి తోసేసి లేచిపోయినట్టే, ఇక ఏమన్నా వినబడనట్టే.

అక్క ఎక్కడికీ పోలేదు. సూర్యుణ్ణి దించుతోంది. వికారంగా ఉందని మైకు మాత్రం కట్టేసింది.

"బ్రేకు మళ్ళీ టీకి పోయింది," అన్నాడు రోవర్‌ను నడిపే డ్రైవరు.

"టీ లేదు, పాడూ లేదు. బకెట్ దగ్గరికి వెళ్ళి ఉంటుంది," అంది చెల్లెలు. "ఇది పెట్టుకుంటే మా అక్క కక్కుకుంటుంది. పక్కనే బకెట్ రెడీ!"

ఒకడు వాంతి చప్పుడు చేసి చూపించాడు. అందరూ పడీపడీ నవ్వారు. చెల్లెలి నవ్వు అన్నిటికంటే పైన వినబడింది.

"మరి కొత్త బృందంలో ఆవిడతో ఎలా నెట్టుకొస్తారు మేడమ్?" అన్నాడు డ్రైవరు.

"తీసుకుంటానని ఎవరన్నారు? పేర్లు నిన్ననే పంపేశా. ఇన్నాళ్ళూ అక్క కదా అని మోశాను. ఇప్పుడే చెబితే ఇంట్లో ఏడుపులు. తర్వాత మెల్లగా చెబుతాలే."

అక్కకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. తల దించితే విన్నట్టు తెలిసిపోతుందని కాసేపు అలాగే ఉండి, అప్పుడే తిరిగొచ్చిన మనిషిలా మెల్లగా చూపు దించింది.

అప్పుడు కనబడింది. చుట్టూ ప్రతి గులకరాయికీ పొడుగాటి నీడ ఉంది. జెండాకు వెళ్ళే దారిలో మాత్రం ఒక్క నీడా లేదు, ఒక్క రాయీ లేదు. అంటే అక్కడున్నది గొయ్యి, దాని నిండా పిండిలాంటి దుమ్ము. ఏది పడినా మింగేస్తుంది.

"వచ్చావా అక్కా? చోటెలా ఉంది?" చెల్లెలి గొంతులో తేనె ఒలికింది.

అక్క మైకు తెరిచింది.

"బాగుంది," అని, వెళ్ళి జెండా పక్కన నిలబడింది.

"అబ్బో, ఇవాళ మా దారి సాఫీయే!" అన్నాడు డ్రైవరు. అక్క కూడా నవ్వింది. ఆమెకు హాయిగా ఉంది. అలా ఉండకూడదని మనం అనుకోవచ్చు గానీ, ఉంది.

మర్నాడు రోవర్ ఇరుసుల దాకా దిగబడింది. ముందుకు తిప్పితే ఇంత, వెనక్కి తిప్పితే మరింత. అందరూ కొన్ని వారాలు కిందా మీదా పడ్డారు. ఈలోగా అక్కడ చలికాలం వచ్చి, కరెంటు ఇచ్చే సౌర పలకలకు ఎండ చాలక రోవర్ మూగబోయింది. బృందాన్ని రద్దు చేశారు. డ్రైవరుకు వేరే పని దొరకలేదు. కొత్త యాత్ర నుంచి చెల్లెల్ని తప్పించారు.

ఆ కబురు రాగానే చెల్లెలు అక్క ఇంటికొచ్చి వంటింట్లో నేల మీద కూలబడింది. వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క పక్కనే కూర్చుని వీపు నిమిరింది.

"అందరి నోట్లో మట్టి కొట్టానక్కా. నాకు తొందరెక్కువ, చూసుకోలేదు. నువ్వూ అక్కడే నిలబడ్డావు కదా, నీకైనా కనబడలేదా?"

"కనబడింది."

చెల్లెలు తలెత్తింది. "ఎప్పుడు?"

"నువ్వు వాళ్ళతో కలిసి నవ్విన తర్వాత."

చెల్లెలి ఏడుపు ఠక్కున ఆగింది. చేతి కింద ఆ వీపు బిగుసుకుపోయింది. అక్క నిమరడం మానలేదు.