తాలు దాహం

కల్లంలో ఎండబోసిన మిరపకాయల్లో రంగు పోయి తెల్లబడ్డవాటిని తాలు కాయలంటారు. యలమందయ్య కుక్కదీ అదే రంగు కాబట్టి దాని పేరు తాలు. పేరుకు తాలే గానీ, కల్లం కాపలాకు దాన్ని మించిన నమ్మకస్తుడు అద్దంకి చుట్టుపక్కల లేడని ఆయన గొప్పలు పోయేవాడు.

ఈ ఏడు తాలుకు ఆకలీ దాహం విపరీతమయ్యాయి. పొట్ట జారింది, వీపు మీద వెంట్రుకలు ఊడాయి. కల్లంలో చెంబుల కొద్దీ నీళ్లు తాగనిదెవరు? చర్మం మండనిదెవరికి? అంతా మిరప ఘాటేననుకున్నారు. పొట్ట మాత్రం యలమందయ్య భార్య సుబ్బరావమ్మ పెట్టే పెరుగన్నం మహిమేనని నవ్వుకున్నారు. కళ్లెదుట ఉన్న జబ్బును ఇంత హాయిగా నవ్వుకుని వదిలేయడం మనకే చెల్లింది.

తాగినకొద్దీ తాలు ఒంటేలు పోసేది. ఒకరోజు పట్టా మీద ఎండిన కాయల మీదే పోసింది. తడిసిన కాయ బూజు పడుతుంది. యలమందయ్యకు ఒళ్లు మండింది. దాన్ని షెడ్డు గుంజకు కట్టేసి, ముందున్న నీళ్ల మూకుడు తీసేశాడు. అప్పటినుంచి పొద్దునా సాయంత్రం మాత్రమే పోసేవాడు.

"అలవాటు చేస్తే అదే తగ్గించుకుంటదిలే," అన్నాడు.

కొన్నాళ్లకు తాలు వాంతులు చేసుకుని తిండి మానేసింది. కళ్లు పచ్చబడ్డాయి. మొగుడూ పెళ్లాం భయపడి, ఆటో మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్లారు.

పశువుల డాక్టర్ దీప్తి స్కాన్ చేసి చూసింది. "కాలేయం కిందుండే పైత్యపు సంచిలో రసం జిగురులా గడ్డకట్టిందండీ. ఎప్పుడైనా పగలొచ్చు. కిడ్నీ పక్కనుండే గ్రంథి కూడా ఉబ్బింది. అందులోంచి వచ్చే హార్మోను ఎక్కువైనట్టుంది. ఆ దాహం, పొట్ట, వెంట్రుకలు ఊడటం దానివల్లే. అలాంటి కుక్కల్లో ఈ సంచి జబ్బు ఎక్కువగా చూస్తుంటాం."

"నేను నీళ్లు తగ్గించానమ్మా. అందుకొచ్చిందా?"

"జబ్బు దానివల్ల రాలేదండీ. కానీ నీళ్లు ఆపకూడదు. ఆ దాహం దాని చేతిలో లేదు."

ఆపరేషన్ తప్ప దారి లేదు, బతుకుతుందన్న హామీ లేదు. యలమందయ్య చెయ్యమన్నాడు. మత్తిచ్చేదాకా చుక్క నీళ్లు కూడా పట్టొద్దని చెప్పి దీప్తి లోపలికి వెళ్లింది.

తాలు మెడ చాచి సుబ్బరావమ్మ చేతిలోని నీళ్ల సీసాను నాకింది.

"రెండు చుక్కలు పొయ్యనీయవయ్యా! దాని నాలిక చూడు," అందామె ఏడుస్తూ.

"వద్దే, ప్రాణం మీదికొస్తది!"

యలమందయ్య సీసా లాక్కుని వెనక దాచాడు. మూకుడు తీసేసిన రోజు ఊపినట్టే తాలు తోక ఊపింది. ఆ రోజు కోపంతో తీశాడు, ఇవాళ బతకాలని తీశాడు. దానికి మాత్రం రెండూ ఒకటే.

చాలాసేపటికి దీప్తి బయటికొచ్చింది. పొట్ట తెరిచేసరికే సంచి పగిలి ఉందని, కాసేపటికి గుండె ఆగిపోయిందని చెప్పింది.

"దాహంతోనే పోయిందా అమ్మా?" అన్నాడు యలమందయ్య.

"లేదండీ, సెలైన్ ఎక్కించాం. మత్తులో దాహం తెలీదు."

"దానికి తెలీకపోవచ్చు తల్లీ. నాకు తెలుసుగా."