నీడపట్టు ఉద్యోగం

డాక్టర్ శాంతి మిరప పురుగుల సైంటిస్టు. వివరంగా చెప్పాలంటే, కంటికి సరిగ్గా ఆనని తామర పురుగుకు తన జీవితాన్ని ధారపోసిన మనిషి. తన పరిశోధనా పత్రాలను దేశదేశాల్లో చదువుతారని చెప్పుకొనేది గానీ, ఫలానావాళ్ళు చదివారని ఎన్నడూ చెప్పలేకపోయింది. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కూతురు షెర్లీ అయితే వాటి పేర్లు కూడా అడిగి ఎరగదు.

అసలు బాధ అదే. షెర్లీకి పదో తరగతి అయిపోవస్తోంది. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావే అంటే "నీ ఇష్టమమ్మా" అని ఫోన్లోకి తల దూర్చేస్తుంది. కూతురు సైంటిస్టే కావాలని శాంతి పట్టుదలేమీ కాదు. డాక్టరవనీ, డాన్సులే నేర్చుకోనీ, దేన్ని గురించయినా "ఇదేందమ్మా?" అని ఒక్కసారి అడిగితే చాలు. ఏ ప్రశ్నా పుట్టకుండానే పిల్ల పెద్దదైపోతుందేమోనని ఆమె భయం.

అందుకే శావల్యాపురం దగ్గర తను చదివిన హైస్కూలు వాళ్ళు సైన్స్ దినోత్సవానికి పిలవగానే ఎగిరి గంతేసింది. "నేను సైంటిస్టునెలా అయ్యాను" అన్నది విషయం. షెర్లీని బతిమాలి కారెక్కించింది. ఊళ్ళోనే ఉండే తల్లి హన్నమ్మ, కూతురికి శాలువా కప్పుతారని తెలిసి, చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని ముందే వచ్చి మొదటి వరసలో కూర్చుంది.

హెడ్మాస్టరు మస్తాన్‌రావు శాలువా కప్పి, మెడలో ఇంత లావు బంతిపూల దండ వేసి, మైకు అందించాడు. శాంతి ప్రసంగం కాగితాలు విప్పింది.

"చిన్నప్పుడు డాబా మీద పడుకుని, చుక్కలను చూస్తూ సృష్టి రహస్యాల గురించి ఆలోచించేదాన్ని..."

ఆ వాక్యం ఎన్ని సభల్లో చెప్పిందో! తను పెరిగింది రేకుల ఇంట్లోనన్న సంగతి తనే మరిచిపోయేంతగా అలవాటైపోయింది. పిల్లలు ఆవులించారు. షెర్లీ గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. చివర్లో చప్పట్లు మాత్రం బాగానే మోగాయి, అయిపోయిందన్న సంతోషంతో.

మస్తాన్‌రావు మర్యాద తెలిసిన మనిషి. "ఇంతటి బిడ్డను కన్న తల్లి కూడా రెండు ముక్కలు చెప్పాలి" అంటూ హన్నమ్మ చేతికి మైకిచ్చాడు.

"డాబా ఏందమ్మా? మనకి డాబా ఏడుంది?" అంది హన్నమ్మ మైకులోనే.

హాలంతా గొల్లుమంది.

"చుక్కలూ లేవు, ఏం లేవయ్యా. ఇది నాతో మిరపకాయ కోతకొచ్చేది. కొయ్యమంటే కొయ్యదు. ఓ రోజు జీపులో సైంటిస్టు మేడం వచ్చింది. ఆమెకి గొడుగు పట్టారు, నిమ్మకాయ సోడా ఇచ్చారు. ఆమె మిరప పువ్వులోకి అద్దం పెట్టి చూస్తా కూకుంది. నేనేమో ఎండలో చస్తన్నా. ఇది నా కాడికొచ్చి, 'అమ్మా, పురుగును చూస్తే జీతమిస్తారంట, అదీ నీడపట్టున! నేనూ ఆ పనే చేస్తా' అంది. అదీ సంగతి."

పిల్లలు బెంచీలు చరిచి మరీ నవ్వారు. శాంతికి సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ సభల్లో చూపించిన చుక్కలన్నీ ఒక్క దెబ్బకు రాలిపోయాయి. తల్లి మాటల్లో ఒక్క ముక్కయినా అబద్ధం ఉంటే కాస్త ఊరటగా ఉండేది.

"ఆ అద్దం ఓసారి దీని చేతికిచ్చింది మేడం. మళ్ళీ ఇమ్మంటే ఇస్తేనా! 'ఉండండి మేడం' అంటా కంటికాడ నించి తియ్యలేదు. ఆ తల్లి నవ్వి, ఉంచుకోలే అని ఎల్లిపోయింది."

"అమ్మమ్మా, ఇంతకీ ఆ పువ్వులో ఏముంది?"

అడిగింది షెర్లీ. ఫోను ఒళ్ళో పడేసి లేచి నిలబడి ఉంది.

"నాకేం తెలుసే, మీ అమ్మనడుగు" అంది హన్నమ్మ.

శాంతి జవాబు చెబుదామని నోరు తెరిచి, అది మళ్ళీ ఉపన్యాసమే అవుతుందని తోచి ఆగిపోయింది. మెడలో దండ తీసింది. ప్రసంగం కాగితాలను తిరగేసి బల్ల మీద పరిచి, వాటి మీద ఒక బంతిపువ్వును టపటపా కొట్టింది. మిరప పువ్వులో ఉండే సన్నటి నలుసులే ఇందులోంచీ రాలాయి. రాలిన నలుసులు లేచి పరుగులు పెట్టాయి. హ్యాండ్‌బ్యాగులోంచి ఆ పాత భూతద్దమే తీసి కూతురికిచ్చింది.

"కొత్త దండేనండీ, పొద్దున్నే కట్టించాం" అని మస్తాన్‌రావు కంగారుపడ్డాడు. పిల్లలు అప్పటికే బల్ల చుట్టూ మూగారు.

షెర్లీ వంగింది. అద్దాన్ని కంటికి ఆనించి చూసింది.

"అమ్మా, రెక్కలేంది ఇట్టా ఉన్నయ్? అంచులంతా వెంట్రుకలే! వీటితో ఎట్టా ఎగురుద్ది?"

రెండో ప్రశ్న! శాంతి గొంతు సవరించుకుంది. "తామర పురుగు రెక్కల నిర్మాణాన్ని పరిశీలించినట్లయితే..."

"నువ్వు మాట్టాడమాకమ్మా. పిల్లని చూడనీ" అంది హన్నమ్మ.

శాంతి బుద్ధిగా నోరు మూసుకుంది. వెనక పిల్లలు మా వంతు, మా వంతు అని గోల పెడుతున్నారు.

"షెర్లీ, అద్దం ఇవ్వవే. వాళ్ళూ చూస్తారు."

"ఉండమ్మా" అంది షెర్లీ, కన్ను తీయకుండానే.

హన్నమ్మ కూతురి వంక చూసింది. శాంతి మళ్ళీ అడగలేదు. ల్యాబులో ఇంకో భూతద్దం ఉంటే ఈ పిల్లలకు తెప్పించమని మస్తాన్‌రావుతో చెప్పి, శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంది.