అద్దం వెనక ఏనుగు

ఆ బడిలో లైబ్రరీ గంట మోగగానే పిల్లలు చేసే మొదటి పని చేతులు వెనక్కి కట్టుకోవడం. అలా కట్టుకుని, వరుసగా నడిచి, అద్దాల బీరువా ముందు నిలబడేవారు. బీరువా నిండా కొత్త పుస్తకాలు. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు కింది అరల్లో, కాస్త ఎదిగిన పిల్లల కథల పుస్తకాలు పై అరల్లో. ఫొటో తీయించుకోవడానికి కూర్చోబెట్టిన పసివాళ్ళలా అవన్నీ బిగుసుకుని ఉండేవి.

"అదిగో, అది గొడుగు పట్టిన ఏనుగు కథ. అది మేడెక్కిన మేక కథ. అది దీవిలో తప్పిపోయిన అక్కచెల్లెళ్ళ కథ. చూశారుగా, ఇక పదండి" అనేది లైబ్రరీ టీచరు.

"లోపల ఏముంది టీచర్?"

"కథ ఉంది."

"ఏం కథ?"

"చేతులు వెనక్కి."

పిల్లలు ఆమెను చాటుగా తాళంకప్ప టీచరు అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి, లోలోపల కాస్త గర్వపడేది కూడా.

చదువరులారా, ఆమె చెడ్డ మనిషి కాదు. తన చిన్నతనంలో ఆమె చేతికి అందిన పుస్తకాలన్నీ పదిమంది ఇళ్ళు తిరిగి వచ్చినవే. ఒక్కదానికీ చివరి పేజీలు ఉండేవి కావు. దొంగ దొరికాడో లేదో, రాకుమారి ఇల్లు చేరిందో లేదో ఈనాటికీ ఆమెకు తెలియదు. చివరి పేజీ లేని పుస్తకం ఏ బిడ్డ చేతికీ ఇవ్వనని ఆనాడే ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు నిలబెట్టుకునే తాపత్రయంలో మొదటి పేజీ కూడా ఎవరికీ ఇవ్వకుండా పోయింది.

పిల్లలు మాత్రం ఊరుకుంటారా? నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. నోరు మూతపడదు గనుక అందరూ వసపిట్ట అనేవారు. అట్ట మీది ఏనుగును చూసి చూసి ఆ పిల్ల ఒక కథ అల్లింది. ఏనుగు ఎవరిదో గొడుగు ఎత్తుకొచ్చిందట, తిరిగి ఇద్దామంటే వాన తగ్గడం లేదట. రోజుకింత చొప్పున వరండాలో చెబుతుంటే తరగతి తరగతంతా ఆ వానలోనే తడుస్తోంది.

ఇలా ఉండగా ఒక ఉదయం హెడ్మాస్టరుగారు చెప్పులు టపటపలాడించుకుంటూ లైబ్రరీలోకి వచ్చారు.

"కొంప మునిగిందమ్మా. తనిఖీ మేడమ్ మధ్యాహ్నం మన బడికి వస్తోందట. పక్క బడిలో పుస్తకాలు తళతళలాడుతున్నాయని మొత్తం మూట కట్టించి ఇంకో బడికి పంపించేసిందట. చదవని చోట పుస్తకాలెందుకు అందట."

టీచరు వెళ్ళి బీరువాకు అడ్డంగా నిలబడింది. "నా పుస్తకాలు కూడా తీసుకుపోతారా సార్?"

"నీవే ముందు పోతాయి. ఒక్క వేలిముద్రైనా ఉందా వాటి మీద?" ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు. "పద, తాళం తియ్యి. మేడమ్ వచ్చేలోగా వీటిని పాతవి చేసేద్దాం."

పని మొదలైంది. టీచరు కళ్ళు మూసుకుని ఒక్కొక్క పేజీ మూల మడిచింది, మడిచిన ప్రతిసారీ తన చెవే మెలిపెట్టినట్టు మూలిగింది. హెడ్మాస్టరుగారు సుద్దపొడి చల్లారు. అది చాలదనిపించి టీ గ్లాసు అందుకున్నారు.

"ఏనుగు మీద వద్దు సార్" అని ఆమె అడ్డుపడింది. "పోయక తప్పదంటే మేక మీద పోయండి."

ఆయన టీలో బొటనవేలు ముంచి మేక పుస్తకంలో పేజీకొక ముద్ర చొప్పున వేస్తూ పోయారు. కొన్ని పేజీలయ్యాక వేలు గాలిలోనే ఆగిపోయింది.

"ఏమ్మా, ఈ మేక మేడ ఎక్కడమైతే ఎక్కింది, దిగడం ఎలా?"

"నాకు తెలీదు సార్. నేనూ చదవలేదు. తెరిస్తే అట్ట వదులవుతుందని."

హెడ్మాస్టరుగారు ఆమెను వింతగా చూసి, మిగిలిన గుట్టను చూసి నిట్టూర్చారు. "ఇది మన ఇద్దరి వల్లా అయ్యే పని కాదు. పాడుచేయడంలో మనకేం అనుభవం ఉంది? అనుభవం ఉన్నవాళ్ళను పిలుద్దాం."

నాలుగో తరగతి వచ్చింది, చేతులు వెనక్కి కట్టుకునే.

"చేతులు ముందుకు తీయండర్రా" అన్నారు హెడ్మాస్టరుగారు. ఒక్కరూ తీయలేదు. అందరూ టీచరు వంక చూశారు. ఆమె తల ఊపాకే ఒక్కొక్క చెయ్యి భయంభయంగా బయటికి వచ్చింది.

"ఇవాళ మీ ఇష్టం. మడవండి, నలపండి, వేలు నాకి పేజీలు తిప్పండి. ఎవరు బాగా మాపితే వాళ్ళే గట్టివాళ్ళు."

కాసేపు గది సంతలా ఉంది. ఆ తర్వాత సద్దుమణిగింది. ఎంతగా సద్దుమణిగిందంటే, ఏదో జరిగిందని టీచరు కంగారుపడి బెంచీల మధ్య తిరిగింది. ఒకడు చేతులు చొక్కాకు తుడుచుకుని మరీ పేజీ తిప్పుతున్నాడు. ఇద్దరు ఒకే పుస్తకంలో తలలు దూర్చారు. వసపిట్ట నోరు మూతపడి ఉంది.

హెడ్మాస్టరుగారు వెనక వెనకే వంగి బతిమాలుతున్నారు. "మడవరా నాయనా."

"ఉండండి సార్, పులి ఇంకా బయటికి రాలేదు."

"నువ్వైనా కాస్త నలుపమ్మా."

"నలిపితే అక్క మొహం ముడతలు పడుతుంది సార్. పాపం, అసలే తప్పిపోయింది."

ఇంతలో వసపిట్ట తలెత్తింది. "టీచర్, లోపల నా కథ లేదు. వేరేది ఉంది."

"బాగాలేదా?"

"నాదే బాగుంది. ఇదీ పర్వాలేదు. ఇంకోసారి చదివి చెప్తాను."

టీచరు ఏదో అనబోయింది. గుమ్మంలో తనిఖీ మేడమ్ నిలబడి ఉంది.

మేడమ్ నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి మేక పుస్తకం అందుకుంది, వాసన చూసింది. "పిల్లలకు టీ ఇస్తున్నారా?"

"జలుబు చేస్తే, అప్పుడప్పుడు" అన్నారు హెడ్మాస్టరుగారు.

"ఈ బొటనవేలు ఎవరిది? నా వేలికి రెండింతలుంది. ఏ తరగతి పిల్లాడు?"

హెడ్మాస్టరుగారి చెయ్యి మెల్లగా జేబులోకి జారుకుంది. టీచరు ఆ జేబు వంకా, పిల్లల వంకా చూసింది. మాట్లాడకపోతే పుస్తకాలు ఉంటాయేమో, మాట్లాడితే పోవడం ఖాయం. అయినా అన్నేళ్ళుగా చేతులు కట్టించిన పిల్లల ముందు, వాళ్ళు చేయని మరకను వాళ్ళ మీదికి తోయడానికి ఆమెకు మనసొప్పలేదు.

"పిల్లలది కాదు మేడమ్, సార్‌ది. ఆ మడతలు నావి. ఈ పుస్తకాలను పిల్లలు ముట్టుకోవడం ఇవాళే మొదలు. ఇన్నాళ్ళూ నేనే ముట్టుకోనివ్వలేదు."

"అయితే మూట కట్టించండి" అంది మేడమ్. "పిల్లలూ, పుస్తకాలు బల్ల మీద పెట్టేయండి."

ఎవరూ పెట్టలేదు. ఎదిరించి కాదు. ఎవరికీ వినబడలేదు.

రెండోసారి చెబితే వసపిట్ట ఒక్కతే లేచింది. "తీసుకెళ్ళిపోతారా? ఈ ఒక్క రాత్రికి ఇంటికి పట్టుకెళ్ళనా టీచర్? మా తమ్ముడికి చూపించాలి. వాడికి చదవడం రాదు. నములుతాడు."

ఏనుగు చెవి, గొడుగు కొస, ఒక్కొక్కటే ఆ పసివాడి నోట్లోకి పోతున్నట్టు టీచరు కళ్ళముందు కదిలింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నమలనీ తల్లీ" అంది. "వాడు నములుతుంటే నువ్వు చదివి వినిపించు."

మేడమ్ ఆమెను తేరిపార చూసి, పిల్లల బెంచీ మీద కూలబడింది. "ఆ ముక్క పుస్తకాలు వచ్చిన రోజే అని ఉంటే నాకీ ఎండలో ప్రయాణం తప్పేది కదమ్మా. సరే, పుస్తకాలు ఇక్కడే ఉంచండి. ఈసారి నేను వచ్చేసరికి ఇంత శుభ్రంగా కనబడితే మాత్రం పట్టుకుపోతాను."

హెడ్మాస్టరుగారు ఊపిరి పీల్చుకుని గొంతు సవరించుకున్నారు. "మేడమ్, ఆ మేక పుస్తకం ఓసారి ఇటిస్తారా. నేను సగంలో ఉన్నాను."

"చిరుగుతాయేమోనని నా భయం మేడమ్" అంది టీచరు నెమ్మదిగా.

"చిరుగుతాయి. అతికిద్దాం. అతకకపోతే ఇంకోటి తెప్పిద్దాం. ఏనుగు గొడుగు పడితే పకపకా నవ్వే వయసు ఉంది చూశారూ, అది దాటిపోతే ఎవరూ తెప్పించలేరు. పిల్లల పుస్తకం ఉండాల్సింది పిల్లల చేతుల్లోనమ్మా, పాతబడాల్సిందీ అక్కడే."