రెండు గదులకూ ఒకే అంకె

మా అన్న శుభాకర్‌కు లెక్కలంటే ప్రాణం. చెల్లెలన్నా అంతేనని అనుకునేదాన్ని, పిచ్చిదాన్ని.

మా ఆయన పులివెందులలో బడి అయ్యవారు. అక్కడ మా అద్దె ఇంటికి నాపబండల కప్పు. మే నెలలో ఆ బండల కింద వేడికి తాళలేక నా మొదటి కొడుకు రెండు నెలలకే పోయాడు. రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఏడు మళ్ళీ కడుపు నిలిచింది. ఈసారీ కాన్పు మే నెలలోనే.

జమ్మలమడుగులో అన్న అప్పుడే మా పాత మిద్దె తీసేసి పక్కపక్కన రెండు గదులు కట్టిస్తున్నాడు. ఒకటి తనకూ వదినకూ, రెండోది అమ్మకూ నా పురిటికీ. అన్న ప్రొద్దుటూరులో కట్టడాల ఆఫీసు ఓవర్సీరు. క్రిస్మస్ నాడు అన్నాల దగ్గర కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పాడు.

"ప్రతి వస్తువుకూ వేడిని ఆపే శక్తి ఇంత అని ఒక అంకె ఉంటాది మ్మే. అంకె పెద్దదయ్యే కొద్దీ గది సల్లగుంటాది. బండకు ఆ అంకె ఉన్నా లేనట్టే. మట్టి కొంచెం మేలు. నాలుగు వేళ్ళ మందాన శెనక్కాయ పొట్టు పోస్తే జానెడు మట్టి కన్నా ఎక్కువ ఆపుతాది. పొట్టు సందుల్లో గాలి ఇరుక్కోనుంటాది గదా, ఆపేది ఆ గాలే."

"దిమ్మిసతో బాగా కొట్టి ఇంకా శానా పట్టిస్తే?"

"కొడితే గాలి పోయి అంకె పడిపోతాది. తడిసినా అంతే. పొడిగా, లూజుగా ఉండాల. రెండు బండల నడుమ పోపిస్తా. ఒక్కో పొర అంకె కూడుకుంటా పోతే మిద్దె అంకె వస్తాది."

ఆ మాట నాకు కొండంత ధైర్యం ఇచ్చింది. వేరుశనగ మిల్లుల వెనక దొరికిన పొట్టంతా నేనూ మా అమ్మ కరుణమ్మా మూటలు కట్టి తెచ్చాం. కడుపుతోనే ఎండలో కూర్చుని దుమ్ము చెరిగి ఆరబోశాను. కప్పు వేసే వారం అన్న నన్ను పులివెందులకు పంపేశాడు. "దుమ్ము నీకు మంచిది కాదు మ్మే" అన్నాడు. ఎంత ప్రేమో అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి రెండు కప్పులూ చక్కగా ఉన్నాయి. "రెండు గదులకూ ఒకే అంకె" అన్నాడు అన్న.

ఏప్రిల్ వచ్చింది. పొద్దు గూకినా నా గదిలో నడినెత్తి మాడిపోయేది. చెబితే అన్న నవ్వాడు.

"పిల్లోడు పోయిన కాన్నుంచి నీకు యాడ జూసినా ఎండే కనబడతాంది. అదంతా భయం. అంకె అబద్ధం చెప్పదు."

వదిన గదిలో కూర్చుంటే మాత్రం హాయిగా ఉండేది. ఒకే అంకె అయినప్పుడు తేడా నా మనసులోనే ఉందని నమ్మాను. నా ఒంటిని నేనే నమ్మడం మానేశాను. ఇప్పటికీ నా కడుపు రగిలేది దీనికే.

కాస్త గాలైనా ఆడుతుందని, కప్పుకు గాలి కంత, అదే గవాక్షి, పెట్టమని ఆ కప్పులు వేసిన బేల్దారి వలి బాషాను పిలిపించాను. అన్న ఆఫీసులో ఉన్నాడు. బాషా పైకెక్కి వాన దిగకుండా పరిచిన చౌడు తవ్వాడు, మట్టి తీశాడు, బండ పగలగొట్టాడు. గదిలోకి వెలుతురు పడింది. కింది నుంచి ఆ కంత అంచు చూస్తూ అన్న నేర్పినట్టే పొరలు కూడుకున్నాను. చౌడు, మట్టి, ఒకే ఒక్క బండ.

"పొట్టు యాడ బాషా?"

"పొట్టా? అదంతా అన్న గది మింద పోపించినాడు గదమ్మా. నీకు తెలుసనుకుంటి."

వంటింట్లోకి పోయాను. సంగటి కెలుకుతున్న అమ్మ నా ముఖం చూసి గరిటె ఆపింది. ఆమెకూ తెలుసన్నమాట.

"సగం సగం పోస్తే ఎవురికీ సాలదన్నాడు మ్మే. వాడు ఈ ఇంట్లో బతికేవాడు. నువ్వు కాన్పయినాక పోయేదానివి. ఒక్క ఎండాకాలమే గదా. నేనూ నీతోపాటు ఆ గదిలోనే ఉండానే!"

ఒక్క ఎండాకాలమే. నా కొడుకు చూసిందీ ఒక్క ఎండాకాలమే, అదీ సగం.

నేను ఏడవలేదు. వలి బాషా చేత నా మంచం అన్న గదిలో వేయించాను. వాళ్ళ మంచం నా గదిలో, ఆ కంత కింద వేయించాను. వదిన తన దిండు తీసుకుని మంచం వెంట పోయింది. సాయంత్రం అన్న వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇదేంది మ్మే?"

"రెండు గదులకూ ఒకే అంకె అంటివి గదా. నీకేం తేడా ఉండదులే, పోయి పండుకో."

అన్న నా వంక చూశాడు, కప్పు వంక చూశాడు. తల వంచుకుని కంత ఉన్న గది వైపు నడిచాడు. అమ్మ వెనక నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ కన్నీళ్ళు ఎవరి కోసమో నేను అడగలేదు.

మే నెలలో ఆ గదిలోనే నాకు ఆడపిల్ల పుట్టింది. ఒంటి మీద ఒక్క చెమటకాయ లేకుండా, నేను చెరిగిన పొట్టు కింద నిద్రపోయింది. ఒకనాడు అన్న గుమ్మం దాకా వచ్చి, "ఒక్కసారి ఎత్తుకుంటా మ్మే" అన్నాడు.

నేను బిడ్డను పొదువుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను.