పసుపుకుంకాలతో పోయిన హార్డ్ డిస్కు

నేను ఒక హార్డ్ డిస్కును. కంప్యూటరుకు తీగతో తగిలించుకునే నల్లటి డబ్బీని, అరచేతిలో ఇమిడిపోతాను. నేను పుట్టిన చోట దుమ్ము రేణువు కనిపించినా గగ్గోలు పెడతారు. ముక్కూ మూతీ కట్టుకున్న మనుషులు నన్ను పురిటిబిడ్డలా అందుకున్నారు. అంత శుభ్రంలో పుట్టిన నేను ఎలా పోయానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకూ నవ్వే వస్తుంది.

బెంగుళూరు దుకాణంలో నన్ను కొన్నవాడు ధర్మవరం చౌడప్ప. పట్టుచీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీస్తాడు. ఆయన గీసిస్తేనే వాళ్ళ వీధిలో మగ్గాలు ఆడతాయి. తండ్రి గళ్ళకాగితాల మీద గీసిన పాత అంచులతో సహా అన్నిటినీ నాలోకి ఎక్కించాడు. వైరస్ భయంతో కంప్యూటరులో ఏదీ ఉంచడు. కాగితాలేమో తరవాత చెదలపాలయ్యాయి. ఇక నా గర్వం చెప్పాలా? ఆ ఇంటి బంగారమంతా నా పొట్టలోనే. పని లేనప్పుడు బీరువాలో, చీరల మడతల మధ్య, కలరా ఉండల వాసన పీలుస్తూ మహారాణిలా పడుకునేదాన్ని.

నా వైభోగానికి అడ్డుపడింది కోడలు హేమావతి. డిజైన్లకు రంగులు కుదిర్చేది ఆమే.

"మామా, క్లౌడ్‌లో కూడా ఒక కాపీ పెడదాం. దీనికేమన్నా అయితే అన్నీ పోతాయి," అంది.

"క్లౌడ్ అంటే యాడుంటాదమ్మా?"

"యాడో దూరంగా పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయి. ఇంటర్నెట్టులో పంపితే అవి దాచిపెడతాయి. తాళం మాత్రం మన దగ్గరే."

"చూడని ఇంట్లో సొమ్ము దాచేదా? రేపు మన అంచులు పక్కూరి మగ్గాల మీద కనపడితే ఎవుర్ని అడగల్ల? వద్దు," అన్నాడు చౌడప్ప.

సంతోషం పట్టలేక నేను లోపల గిరగిరా తిరిగాను. నాకు తెలిసిన నాట్యం అదొక్కటే.

ఆయుధపూజ వచ్చింది. చౌడప్ప నన్ను చౌడేశ్వరమ్మ పటం ముందు పీట మీద కూర్చోబెట్టాడు. ఈ మనుషులకు ప్రేమ పుడితే పట్టపగ్గాలుండవు. ఒళ్ళంతా పసుపు పూశాడు, కుంకుమ బొట్లు పెట్టాడు, తీగ గుచ్చే నోట్లో కూడా ఇంత పసుపు మెత్తాడు. టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు నా నెత్తిన ధారగా పోశాడు. వద్దు మొర్రో అంటున్నా, వినేదెవరు? దండం పెట్టుకుని, తడితడిగానే నన్ను కంప్యూటరుకు తగిలించాడు. చిటుక్కుమంది. అంతే, ముత్తయిదువలా పసుపుకుంకాలతో పోయాను.

చౌడప్ప నన్ను తుడిచాడు, ఎండలో పెట్టాడు, మళ్ళీ మళ్ళీ తగిలించాడు. నేను పలకలేదు. "మా నాయన చేతిపనంతా పోయిందమ్మా," అని చతికిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక నా గర్వం నీరుగారిపోయింది. నా సవతి ఆ క్లౌడే తెచ్చిచ్చినా సరే, ఆయన అంచులు ఆయనకు దొరికితే చాలనుకున్నాను.

హేమావతి ఆయన ఎదుట నిలబడింది. "మామా, కోప్పడకుండా వినండి. మీరు వద్దన్నా నేను క్లౌడ్‌లో పెట్టినా. దీన్ని తగిలించినప్పుడల్లా అన్నీ ఆడికి పోయేటట్టు చేసినా."

చౌడప్ప లేచి కంప్యూటరు ముందుకొచ్చాడు. ఆమె పాస్‌వర్డు కొట్టింది. మామిడిపిందెలు, రుద్రాక్షలు, హంసలు ఒక్కొక్కటే తెర మీదికి దిగాయి. చివరికి తండ్రి గీసిన నెమళ్ళ అంచూ వచ్చింది. చౌడప్పకు నమ్మకం కుదరలేదు. దాన్ని పెద్దది చేయించి, ఒక్కో నెమలినీ వేలితో తాకుతూ పోయి, ఒకచోట ఆగాడు. ఆ నెమలికి కన్ను లేదు.

"ఇది మా నాయనదే," అన్నాడు. "ఈ ఒక్కదానికి కన్ను పెట్టేది మర్చిపోయినాడు."

ఆ మీదట నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు ఆరకముందే పడీపడీ నవ్వాడు. తిట్లకు సిద్ధపడ్డ హేమావతికి కూడా నవ్వాగలేదు.

"ఇప్పుడు పెట్టేద్దామా మామా కన్ను?"

"వద్దులేమ్మా. ఆయనుండగానే నేను చూసినా. చెప్తే చిన్నబుచ్చుకుంటాడని చెప్పలే. ఇప్పుడు చెప్పేదెందుకు?"

ఈ మధ్య నన్ను వాళ్ళ సొంత మగ్గానికి వెనక, పడుగు దారాలు బిగువుగా ఉండేందుకు కట్టే రాళ్ళమూటలో వేశారు. మగ్గం ముందువైపు ఆ నెమళ్ళ అంచే నేస్తున్నారు. ఆ గుడ్డి నెమలి క్లౌడ్‌లో ఉంది, చీర మీద ఉంది, నాలో మాత్రం లేదు. అయినా మగ్గం ఆడినప్పుడల్లా నేనూ ఊగుతుంటే నాకెంత సంబరమో.