గుమ్మడికాయ కొట్టిన మలుపు

బూడిద గుమ్మడికాయకి రంధ్రం చేసి, లోపల కుంకుమ దట్టించి, కొండ మలుపు పక్కన ఆగిన జనరేటర్ వ్యాన్ నీడన పెట్టాక వెంకటనర్సయ్య చీపురు కట్టు బిగించడానికి కూర్చున్నాడు. పొడవాటి వెదురు కర్రకి ఈత చీపురు, చుట్టూ పాత సైకిల్ ట్యూబు. కర్ర మధ్యలో అతను పట్టుకునే చోటు నునుపుదేలి నల్లబడింది. యాభై దాటిన మనిషి. ఎండకి కమిలిన మెడ, కుడి మడమలో ఎప్పుడూ మానని పగులు. బోరబండ నుంచి సైకిల్ తొక్కుకుంటూ ఫిలింనగర్ వచ్చి సినిమా యూనిట్‌కి కుర్చీలు వెయ్యడం, టీలు అందించడం, షూటింగ్ ముగిసిన రోజు గుమ్మడికాయ కొట్టడం అతని ఉద్యోగం. అతని పేరు ఏ తెర మీదా పడలేదు. పడాలని అతను అడగనూ లేదు.

ఆఖరి రోజు గుమ్మడికాయ కొట్టకుండా ఎవరూ ఇంటికి వెళ్లరు. కెమెరాకి దిష్టి తీసి నడిరోడ్డు మీదే పగలగొట్టాలి. పక్కన మట్టిలో కొడతానని వెంకటనర్సయ్య ఒకటి రెండుసార్లు అడిగి చూశాడు. అక్కడైతే దిష్టి పోదన్నారు. కొట్టాక ఆ ముక్కల్ని ఎవరూ ముట్టుకోరు, వెనక్కి తిరిగి చూడరు, కార్లెక్కి జూబ్లీహిల్స్ ఇళ్లకి వెళ్లిపోతారు. తరవాత ఆ దారిన వచ్చేవాళ్ల సంగతి దేవుడికెరుక.

కొన్నేళ్ల కిందట ఈ కొండ మలుపులోనే, అతను కొట్టిన కాయ మీదే, లూనా బండి జారి ఒక బడిపంతులమ్మ కాలు విరిగింది. ఆమెని ఆటో ఎక్కించిందీ అతనే. ఆమె తిట్టలేదు. నలుగురూ తిరిగే దారిలో ఇలాంటి పని ఎవరు చేస్తారని మాత్రం అడిగింది. ఆ తరవాతి సినిమా నుంచి సైకిల్‌కి చీపురు కట్టుకుని రావడం మొదలుపెట్టాడు. యూనిట్ అంతా నవ్వింది. మునిసిపాలిటీలో ఎప్పుడు చేరావని ఆట పట్టించింది. నవ్వినవాళ్లలో ఒక్కడూ వంగి ఒక్క ముక్క తియ్యలేదు. అయినా అతనికి ఆశ చావలేదు. చూసి చూసి ఎవరికో ఒకరికి సిగ్గేస్తుందనుకున్నాడు.

"ఒక్కడన్న నేర్సుకుంటే సాలు గదనే" అనేవాడు భార్య రాజమ్మతో. దిష్టి తొక్కి వచ్చావు, కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మనేది ఆమె.

ఆ రోజు ఆఖరి సీను హీరో రోడ్డు ఊడ్చి జనానికి బుద్ధి చెప్పడం. రోడ్డేమో శుభ్రంగా ఉంది. అందుకని బస్తాలతో చెత్త తెప్పించి చల్లించారు. చల్లింది వెంకటనర్సయ్యే. దర్శకుడికి కొత్త చీపురు నచ్చలేదు, బాగా వాడినది కావాలన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు ఆదినారాయణ కళ్లు వ్యాన్‌కి ఆనించిన చీపురు మీద పడ్డాయి. హీరో కర్ర తుడిపించుకుని పట్టుకున్నాడు. దేశం మారడానికి ఒక్కడు మారితే చాలునని గొంతెత్తి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెంకటనర్సయ్య టీ పళ్లెం కింద పెట్టి మరీ కొట్టాడు. కొట్టి ఊరుకోలేదు, నమ్మాడు. తను ఇన్నాళ్లూ చెప్పలేని మాట అంత పెద్దమనిషి చెప్పాడు, ఇక వింటారనుకున్నాడు. ఆ నమ్మకం తలుచుకుంటే ఈ కథ చెప్పేవాడికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పొద్దు వాలుతుండగా కర్పూరం వెలిగించి, కాయ తిప్పి, రోడ్డు మధ్యలో కొట్టాడు. ఎర్రటి గుజ్జు మలుపు పొడుగునా చిమ్మింది. కార్లు కదిలాయి. అతను ఆదినారాయణ దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, నా పొరక ఇప్పించుర్రి."

"అది పెట్టెలో పెట్టి తాళం వేయించానయ్యా. ఆ సీనులో మళ్లీ ఏ ముక్కైనా తియ్యాల్సొస్తే హీరోగారి చేతిలో అదే చీపురు ఉండాలి."

"జర ఊడ్సి మల్ల ఇస్త సార్. మలుపున్నది గీడ. బండ్లు జారుతయి."

"ఇవాల్టికి వదిలెయ్యి. నువ్వొక్కడివీ ఊడిస్తే ఊరు బాగుపడుతుందా?"

ఇందాక చప్పట్లు కొట్టిన చేతులతోనే ఆదినారాయణ కారు తలుపు వేసుకున్నాడు.

వెంకటనర్సయ్య చెత్త తెచ్చిన బస్తా ఒకటి తీసుకుని, రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ముక్కలు చేత్తో ఏరడం మొదలుపెట్టాడు. గుజ్జు వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. అంచున ఉన్నవి ఏరి మధ్యలోకి వచ్చాడు. లైట్లన్నీ సర్దుకుని ఆఖరున బయల్దేరిన జనరేటర్ వ్యాన్ వాలులో దిగింది. డ్రైవరు అతన్ని చూశాడు, బ్రేకూ వేశాడు. చక్రాలు ఇంకా ఏరని ముక్కల మీద పడి అతని మీదికి జారాయి. ఆసుపత్రికి చేరేసరికి వెంకటనర్సయ్యలో ఊపిరి లేదు.

మర్నాడు బోరబండలో ఆదినారాయణ దండ వేసి రాజమ్మ ముందు నిలబడ్డాడు. రోడ్డు మాటా ఎత్తలేదు, కాయ మాటా ఎత్తలేదు.

"దిష్టి ముక్కల్ని చేత్తో ముట్టుకున్నాడమ్మా. ఆయనకే తగిలింది" అన్నాడు.

ఆ మాట ఫిలింనగర్ అంతా పాకింది. అంతకుముందు తెల్లారగట్ల ఒకటీ అరా ముక్కలు ఎత్తే మునిసిపాలిటీ ఆడవాళ్లు కూడా ఇప్పుడు గుమ్మడికాయ కనిపిస్తే చుట్టూ తిరిగి పోతున్నారు. వెంకటనర్సయ్యని చూసి జనం నేర్చుకున్నది అదొక్కటే.

సినిమా వంద రోజులు ఆడింది. జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఆఫీసుకి వెళ్లినవాళ్లకి షీల్డుల పక్కన అద్దాల బీరువాలో హీరోగారి చీపురు చూపిస్తారు. శుక్రవారం శుక్రవారం దానికి సాంబ్రాణి వేస్తారు. కర్ర మధ్యలో నల్లగా నునుపుదేలిన చోట కుంకుమ బొట్టు పెట్టారు.