మూడు అనేదాకా

నేను తలుపు తీసేసరికి వాంగ్ అవ్వ స్నానాలగదిలో నేల మీద ఉంది. నిన్న మధ్యాహ్నం పడిందట. పొద్దున్నదాకా అలాగే, తడిబట్టలతో. పాపిష్టిదాన్ని, ఆ మధ్యాహ్నం నేనక్కడ ఉండాల్సింది. రోజుకు అయిదు గంటల నా పనిని ఈ నెల నుంచి, నాకు జీతమిచ్చే రాష్ట్ర ప్రభుత్వం రెండు గంటలకు కోసేసింది.

"చచ్చాననుకున్నావా ఓఫెలియా?" అంది అవ్వ. నవ్వబోయింది గానీ పళ్ళు కొట్టుకున్నాయి.

మనిషిని పట్టుకుని లేపే వెడల్పాటి పట్టీ ఆమె నడుముకు బిగించాను. మంచానపడ్డవాళ్ళను చూసుకునే మా పనిలో ఒకటే కట్టుబాటు: పట్టీ పట్టుకున్న మనిషే లెక్కపెట్టాలి, మూడు అనేదాకా ఎవరూ కదలకూడదు. "ఒకటి, రెండు, మూడు." ఇద్దరం కలిసి లేచాం.

మంచం మీద కూర్చున్నాక అవ్వ నావైపు చూసింది. "నీ మాట విని ఓటేశానే" అంది. తిట్టినా బాగుండేది.

నిజమే, రెండేళ్ళ కిందట కొత్త పన్ను చట్టం మీద జనం ఓటేయాల్సి వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగింది నేనే. మా యూనియన్ నాయకుడు రెనాల్డో ఇచ్చిన కాగితం పట్టుకుని, "కోటీశ్వరుల ఆదాయం మీద పన్ను పెంచుతున్నాం అవ్వా, ఇక నీ సేవకు వాళ్ళే కడతారు!" అని ఊదరగొట్టాను. కాగితం వెనక సన్న అక్షరాల ముక్క నేను చదవలేదు. చట్టం గెలిచిన రోజు, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న టమాలీలు పంచుకుని వీధిలో ఎగిరాం.

మొదటి ఏడాది షేర్ల ధరలు పెరిగాయి, డబ్బు వరదలా వచ్చింది. ఈ ఏడాది పడిపోయాయి. కోటీశ్వరులకు ఆదాయం లేదట! బంగళాలున్నాయి, పడవలున్నాయి, ఆదాయం మాత్రం లేదట. కొందరు పన్ను లేని పక్క రాష్ట్రానికి చిరునామా మార్చేసుకున్నారు. ఖజానా ఎండింది, కోత మా అవ్వల మీద పడింది.

ఆ సాయంత్రం చర్చి హాల్లో రెనాల్డోను నిలదీశాం.

"మార్కెట్ పడితే నేనేం చేయను తల్లీ? ఆదాయం ఉంటేనే కదా పన్ను" అన్నాడు.

"ఊరవతల గిడ్డంగులు పడ్డాయా?" ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఇమెల్డా లేచింది. "మంచి ఏడైనా చెడ్డ ఏడైనా అవక్కడే ఉంటాయిగా? వాటి మీద పన్ను ఎవడు తీసేశాడయ్యా?"

సన్న అక్షరాల ముక్క అదే. రెనాల్డో తల వంచుకున్నాడు. "గిడ్డంగుల వాళ్ళతో రాజీ పడకపోతే మన చట్టం ఓటింగు దాకా వచ్చేది కాదు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మీకు అర్థం కాదనుకున్నా."

హాలంతా భగ్గుమంది. "మా చేత ఓట్లడిగించావు! అప్పుడు మాకు అర్థమవుతుందనుకున్నావా?" అని నేనే అరిచాను. ఏడుపొచ్చింది. వాడు మాలాగే ముసలివాళ్ళ స్నానాలగదులు కడిగి పైకొచ్చినవాడు. అందుకే ఎక్కువ మండింది. అక్కడే తీర్మానించాం: కోసిన గంటలు తిరిగివ్వాలి, గిడ్డంగుల మీద, వాటి భూముల మీద పన్ను మళ్ళీ వేయాలి.

వారం తిరగకుండా రాజధానిలో, శాసనసభ మెట్లెక్కి లోపలి చలువరాతి నేల మీద కూర్చున్నాం. అరవైమందిమి. అవ్వ ఇంట్లో ఉండనంది. "నా ఓటు నేనే వెనక్కి అడుగుతా" అని చక్రాల కుర్చీలో వచ్చి, మా మధ్యకు దింపించుకుంది. పట్టీలు నడుములకు బిగించి, పక్కవాళ్ళ పట్టీ గట్టిగా పట్టుకున్నాం.

పోలీసులు వచ్చారు. వాళ్ళ వెనక, అద్దాల తలుపు అవతల, రెనాల్డో నిలబడి చూస్తున్నాడు. లోపలికి రాలేదు.

"మూడు లెక్కపెడతా, లేవకపోతే అరెస్టే!" అని అధికారి గద్దించాడు. "ఒకటి! రెండు! మూడు!"

ఒక్కరూ కదల్లేదు. ఆయనకు మా కట్టుబాటు తెలియదు.

వాంగ్ అవ్వ తలెత్తింది. "నాయనా, ఆ మాట నువ్వనకూడదు. పట్టీ పట్టుకున్నవాళ్ళు అనాలి" అంది.

పోలీసులు నడుముల నుంచి బేడీలు బయటికి తీశారు. నేను గట్టిగా, హాలంతా వినపడేలా మొదలుపెట్టాను. "ఒకటి!"

"రెండు!" అంది ఇమెల్డా.

మూడు మాత్రం మేమెవ్వరం అనలేదు.